వరుస సంఖ్య నూట పద్దెనిమిది

4 జూన్ 1996, మంగళవారం

బుల్లికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం ఉంది. మన చర్చి విచారణకు, అంటే మన గుడికీ దాని కింది క్రైస్తవ కుటుంబాలకూ, సెప్టెంబరు పదిహేనో తేదీ ఆదివారంతో నూరేళ్ళు నిండుతాయి. విచారణ చరిత్ర రాసే పని కమిటీవాళ్ళు నాకు అప్పగించి పద్నాలుగు నెలలయింది. నిన్న సాయంత్రం చివరి పేజీ పూర్తి చేశాను. నువ్వు పనిచేసే ప్రెస్సులోనే అచ్చు వేయించాలని నేనే పట్టుబట్టాను. నువ్వు మనవరాలివని కాదు. తప్పు కనబడితే నువ్వు వదలవు. ఆ గుణం నీకు నా దగ్గరే అబ్బింది.

పార్సిలులో ఉన్నవి: రాతప్రతి 212 పేజీలు, ఫొటోలు 23, జ్ఞానస్నానాల రిజిస్టర్ల జిరాక్సులు ఒక కట్ట. ఫొటోల వెనక పెన్సిలుతో అంకెలు వేశాను. వాటి మీద బంక పూయవద్దు.

రాతప్రతి నువ్వు మొదట చదువుకో. టైపు చేస్తూ చదివితే అర్థం కాదు. మొదటి అధ్యాయంలో పూరిపాకలో పూజ జరిగిన రోజులున్నాయి. గాలివానకు ఆ పాక కప్పు ఎగిరిపోతే జనం తడుస్తూనే పూజ ముగిసేదాకా నిలబడ్డారట. మూడో అధ్యాయంలో గుడి గోడలు కట్టడానికి ఆడవాళ్ళు వరసగా నిలబడి చేతుల మీదుగా ఇటుకలు అందించుకున్న సంగతి ఉంది. అయిదోది బడి. ఆరోది గంట. అది రెండుసార్లు పగిలింది, రెండుసార్లు పోతపోయించారు. మన దగ్గర ఎవరైనా పోతే వయసు ఎంతో అన్ని దెబ్బలు కొడతారని నీకు తెలుసు. ఆ లెక్క తప్పకుండా నలభై ఏళ్ళు కొట్టిన గంటాయన గురించి రెండు పేజీలు రాశాను. ఇంకా రాయవచ్చు.

చివర అనుబంధాలు రెండు. ఒకటి, ఏ ఏట ఎంతమందికి జ్ఞానస్నానమయిందో చూపే పట్టిక. రెండు, నూరేళ్ళలో మన సమాధుల తోటలో మట్టి అయినవాళ్ళందరి పేర్లు. రిజిస్టర్లు 1948 నుంచి 1986 దాకా, అంటే ముప్పై ఎనిమిదేళ్ళు, నా చేతిరాతలోనే ఉంటాయి. ఏ రోజు సంగతి ఆ రోజే రాశాను. మర్నాటికి వాయిదా వేసిన వరస ఒక్కటి కూడా కనబడదు. పుట్టినప్పుడు రాసిన వరస పక్కనే, అంచులో, ఆ మనిషి పెళ్ళి కూడా రాస్తాం. ఒక మనిషి బతుకంతా ఒక్క వరసలో పడుతుంది. ఆ పని చేస్తున్నన్నాళ్ళూ నాకు గర్వంగా ఉండేది.

పట్టికలోని అంకెలను జిరాక్సులతో ఒకసారి సరిచూడు. సరిగ్గానే ఉంటాయి, అయినా చూడు.

పోయిన ఉత్తరంలో ‘విశ్రాంతి’ని నువ్వు ‘విశ్రాంత్రి’ అని రాశావు. అచ్చుపనిలో ఉన్న పిల్లవి.

నీ క్షేమం కోరే
అమ్మమ్మ


15 జూన్ 1996

అమ్మమ్మా,

పార్సిలు చేరింది. పేజీలన్నీ ఉన్నాయి, లెక్కపెట్టాను (నువ్వు అడుగుతావని). మా ఓనరుగారు నీ చేతిరాత చూసి, “ఇది టైపు చెయ్యడం ఎందుకమ్మా, ఇలాగే అచ్చేస్తే సరిపోతుంది” అన్నారు. ఆయన ఒకళ్ళని మెచ్చుకోవడం నేను చూడటం ఇదే మొదలు. నా చేతిరాత చూసి మాత్రం మందుల చీటీ అనుకున్నారు.

ఇటుకలు అందించుకున్న ఘట్టం చదువుతుంటే నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గంటాయన పేజీలు అమ్మకు చదివి వినిపించాను. చిన్నప్పుడు తను ఆయన వెనకాలే మెట్లెక్కి చెవులు మూసుకునేదట.

ఇక తప్పు. నువ్వే చూడమన్నావు, నన్ను తిట్టకూడదు. 1951కి నీ పట్టికలో 131 అని ఉంది. జిరాక్సులో చివరి సంఖ్య 132. ఎక్కడ తేడా వచ్చిందా అని వెతికితే అక్టోబరులో 118వ వరస మొత్తం ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. స్కేలు పెట్టి గీసిన గీతలు. మూడు పేర్ల మీద మూడేసిసార్లు! జిరాక్సులో ఎరుపు కూడా నల్లగానే పడింది కాబట్టి ఏమీ కనబడటం లేదు. ఎర్రసిరా అని ఎలా చెప్పానంటావా, పక్కన నువ్వే ‘ఎర్రసిరా సవరణ’ అని రాశావు. వరస చివర మాత్రం నీ సంతకం ఉంది. మిగతా వరసల్లో ఎక్కడా నీ సంతకం లేదు. పేజీ పై భాగం తెగిపోయింది, ఏ గడి దేనికో తెలియడం లేదు. అది ఏమిటి?

ఇంకొకటి. ఫొటో 14లో మాతృసభ ఆడవాళ్ళందరూ గుడి మెట్ల మీద నిలబడ్డారు. మధ్యలో ఒకావిడ కుడిచెయ్యి పైకెత్తి అందరికీ చూపిస్తోంది. అందరూ పగలబడి నవ్వుతున్నారు, సిస్టరుగారితో సహా. నువ్వొక్కదానివే నవ్వడం లేదు. ఎవరావిడ? చేతిలో ఏముంది? ఈ ఫొటో నాకు ఎంత నచ్చిందో! అట్ట మీద వేద్దామా?

‘విశ్రాంతి’ పదిసార్లు రాశాను.

బుల్లి


22 జూన్ 1996, శనివారం

బుల్లికి,

నీ ఉత్తరం బుధవారం చేరింది. ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తున్నాను.

1951కి 131 సరైన సంఖ్య. 118 చెల్లని వరస. దాని గురించి పుస్తకంలో ఏమీ వేయనక్కర్లేదు.

ఫొటో 14లోని మనిషి అప్పటి మన మంత్రసాని. పోయి పద్నాలుగేళ్ళయింది. చేతిలో ఏమీ లేదు. ఆ ఫొటో అట్ట మీద వేయవద్దు. లోపల కూడా వేయవద్దు. తిప్పి పంపు.

ఇక్కడి సంగతులు. గుడికి సున్నం అయింది. సమాధుల తోట గోడ అవతల రోడ్డువైపు ఖాళీగా ఉన్న స్థలాన్ని సిమెంటు చేయించి, బండ్లు నిలబెట్టుకోవడానికి ఉంచాలని కమిటీ తీర్మానించింది. ఆగస్టు ఒకటిన పని మొదలవుతుంది. బిషప్ మేత్రాణులు వస్తున్నారంటే ఆ రోజు ఎన్ని బండ్లు వస్తాయో నువ్వే ఊహించుకో. తీర్మానం మీద నేనూ సంతకం చేశాను.

గంటాయన భార్య, మన దర్జీ ఆవిడ, నీకు జ్ఞాపకం ఉందనుకుంటాను. నీ మొదటి సత్ప్రసాదం గౌను ఆమే కుట్టింది. సోమవారం మన ఇంటికి వచ్చింది. గుడిలో పూజ పీట మీద పరిచే కొత్త గుడ్డకు కొలతలు ఇవ్వాలన్న వంకతో వచ్చింది. చూపు బాగా మందగించింది, సూదిలో దారం పక్కవాళ్ళు ఎక్కించాలి. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు అడిగింది.

“టీచరమ్మగారూ, పుస్తకం చివర పోయినవాళ్ళ పేర్లు వేస్తున్నారటగా. మా పెద్దపిల్ల పేరు వేస్తారా?”

ఆమె మొదటి కాన్పులో పుట్టిన పిల్ల గంటసేపు బతికింది. జ్ఞానస్నానం లేకుండా పోయిందని గోడ అవతల పాతిపెట్టారు. అప్పట్లో అదే నియమం.

“మరణాల రిజిస్టరులో లేని పేరు పుస్తకంలోకి ఎలా వస్తుందమ్మా?” అన్నాను.

“అవును లెండి. రిజిస్టరులో లేదుగా,” అని టేపు చుట్టుకుని లేచింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, “సిమెంటు వేసేటప్పుడు మరీ లోతుగా తవ్వరు కదండీ?” అని అడిగింది.

తవ్వరని చెప్పాను. నియమాన్ని ఒకరికోసం సడలిస్తే పట్టిక పట్టికగా మిగలదు. నీకు కూడా ఉద్యోగంలో ఇది పనికొస్తుంది.

మొదటి ప్రూఫు ఎప్పుడు పంపుతావు?

అమ్మమ్మ


2 జూలై 1996

అమ్మమ్మా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదువు.

నీ జవాబు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక అంకె గురించి అడిగితే నువ్వు పేజీ నిండా వివరం రాస్తావు. ఈసారి నాలుగు మాటల్లో తేల్చేశావు. అందుకని ఆ జిరాక్సుని ప్రెస్సులో స్కానరు మీద పెట్టి పెద్దది చేసి చూశాను. గీతల కింద రెండు మాటలు చదవగలిగాను. ఒకటి ‘ఆడశిశువు’. రెండోది ‘ఆపద’. చివర నీ సంతకం.

అమ్మమ్మా, అమ్మ తరవాత నీకు ఇంకో పాప పుట్టిందా?

అమ్మని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. “నాకు చెల్లెలుందా? ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?” అని రెండు రోజులుగా ఏడుస్తూనే ఉంది. చిన్నప్పుడు ఒకసారి నువ్వు రిజిస్టరు ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉండటం చూసిందట. పిలిచినా పలకలేదట. అది ఇందుకేనని ఇప్పుడు అంటోంది. నీకు ఫోను చెయ్యమంటే, “ఆవిడంతట ఆవిడ చెప్పాలి” అంటుంది. మీ ఇద్దరికీ ఒకటే మొండితనం.

పోయిన పాప పేరు కొట్టేయాల్సినంత కష్టం నీకు ఏం వచ్చిందో నాకు తెలియదు. దర్జీ ఆవిడకి నువ్వు చెప్పిన జవాబు చదివినప్పుడు, పాపం, నీకు కూడా ఎంత బాధగా ఉండి ఉంటుందో అనిపించింది.

నాకు తోచింది చేశాను. అసలు రిజిస్టరులో ఆ వరస ఒకసారి చూసి చెప్పమని ఫాదర్‌గారికి కార్డు రాశాను. నీ పరువుకి భంగం రాకుండా, ‘అచ్చులో సంఖ్య సరిపోవడం లేదు’ అని మాత్రమే రాశాను.

నీ
బుల్లి


9 జూలై 1996, మంగళవారం

మనవరాలికి,

నీ కార్డు ఫాదర్‌గారికి శనివారం చేరింది. ఆదివారం పూజ అయ్యాక కమిటీ కూర్చుంది. తొమ్మిదిమందిమి. ఫాదర్‌గారు చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. నీ కార్డు చేతిలో పట్టుకుని, “టీచరమ్మగారూ, 1951లో 118 ఏమిటో కాస్త చెబుతారా? మీ మనవరాలు అడిగింది. పుస్తకంలో తప్పు పోకూడదు కదా” అన్నారు.

రిటైరయిన పోస్టుమాస్టరు వెంటనే అందుకున్నాడు. “టీచరమ్మగారి రిజిస్టరులో తప్పా! అయితే ఇవాళ వాన ఖాయం. ఎవరన్నా బయట బట్టలు ఆరేశారా?”

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టే ముఖం పెట్టాను.

“ఇంకు ఒలికింది ఫాదర్. ఆ వరస పాడయితే కొట్టేసి, కిందది మొదలుపెట్టాను” అన్నాను.

దర్జీ ఆవిడ కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఊరేగింపు జెండాలకు అంచు కుడుతోంది. దారం పంటితో తెంపి తలెత్తింది.

“పోనీలెండి ఫాదర్. ఆవిడ రాతకి వంక పెట్టేవాళ్ళెవరు? మా అందరి పుట్టుకలూ చావులూ ఆవిడ చేతిలోంచి వెళ్ళినవే” అంది.

తీర్మానాల పుస్తకంలో ‘ఇంకు ఒలికినందున’ అని రాశారు. నేను సంతకం చేశాను.

నిన్ను నాలుగు చీవాట్లు పెట్టాలని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పెద్దవాళ్ళ కాగితాలు స్కానరు మీద పెట్టడం, వెనకనుంచి కార్డులు రాయడం నేను నేర్పిన పెంపకం కాదని రాయాలనుకున్నాను. రాయలేకపోతున్నాను. నేను నేర్పినదే నువ్వు చేశావు.

మీ అమ్మకు ఈ ఒక్క సంగతి ఇవాళే చెప్పు. దానికి చెల్లెలు లేదు. నాకు ఒక్కటే కాన్పు. ఆ వరసలో ఉన్నది మన ఇంటి బిడ్డ కాదు. నా బాధ ఊహించుకుని నువ్వు రాసిన వాక్యం చదవలేక కాగితం మడిచేశాను. నాకు బాధపడే హక్కు లేదు.

ఇంకు ఒలకలేదు, బుల్లీ.

అచ్చుపని ఆపు. మళ్ళీ రాస్తాను.

అమ్మమ్మ


13 జూలై 1996

అమ్మమ్మా,

అమ్మతో చెప్పాను. ముందు ఊపిరి పీల్చుకుంది, తరవాత నన్ను తిట్టింది, తరవాత నీకోసం బెంగపడుతోంది. నేను క్షమించమని అడుగుతున్నాను. కార్డు రాయకుండా నేరుగా నీ దగ్గరికి రావాల్సింది.

అచ్చు ప్లేట్లు చెయ్యడం ఆపించాను. ఈ నెల ముప్పైలోగా చివరి ప్రతి ఇవ్వకపోతే సెప్టెంబరుకి పుస్తకం రాదని ఓనరుగారు అంటున్నారు.

నాకు ఒక ఆలోచన తట్టింది. అది తప్పయితే బాగుండును. ఆ బిడ్డ దర్జీ ఆవిడ బిడ్డేనా?

ఫొటో 14 ఇంకా తిప్పి పంపలేదు. పంపలేకపోతున్నాను.

బుల్లి


21 జూలై 1996, ఆదివారం

బుల్లికి,

అవును. ఆమె బిడ్డే.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో నా తరఫున ఎక్కడైనా వకాల్తా కనబడితే అక్కడ ఎర్రగీత పెట్టు.

మీ అమ్మ 1950లో పుట్టింది. మంత్రసాని పురుడు పోసింది. పద్దెనిమిది గంటల నొప్పులు. ఆఖర్న నేను అరుస్తుంటే నా నోరు మూయబోయిన ఆమె కుడిచెయ్యి కొరికాను. నెత్తురు వచ్చింది, మచ్చ మిగిలింది. ఆమె ఏమీ అనలేదు. అప్పుడు అనలేదు.

మరుసటి ఏడు అక్టోబరు ఏడు, ఆదివారం, మాతృసభ ఫొటో. మెట్ల మీద నిలబడ్డాక ఫొటోగ్రాఫరు, “ఏదైనా మాట్లాడుకోండమ్మా, బిగుసుకుపోయారు” అన్నాడు. మంత్రసాని చెయ్యి పైకెత్తింది.

“ఇదుగో చూడండమ్మా, మన టీచరమ్మగారి పళ్ళు! బళ్ళో పిల్లల్ని కొడుతుంది, కాన్పులో మంత్రసానిని కొరుకుతుంది!”

నువ్వు చూసిన నవ్వు అదే. సోమవారం బడికి వెళ్తే నల్లబల్ల మీద ఎవరో రెండు వరసల పళ్ళ బొమ్మ గీశారు. నేను దాన్ని తుడిచి, లెక్కలు మొదలుపెట్టాను. అప్పటికి నాకు ముప్పై ఒక్క ఏళ్ళు. ఊళ్ళో నన్ను చూసి భయపడని మనిషి లేదనుకునేదాన్ని.

గురువారం, అక్టోబరు పదకొండున, పీట గుడ్డ తెచ్చుకోవడానికి దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. వాన పడుతోంది. అప్పటికామెకు పందొమ్మిదేళ్ళు. ఏడో నెలలోనే కాన్పు వచ్చేసింది. మంత్రసాని లోపల ఉంది. ఫాదర్‌గారు పక్క ఊళ్ళో ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. బిడ్డ ఏడవలేదు, పిల్లికూనలా మూలిగింది. మంత్రసాని గ్లాసుతో నీళ్ళు తీసుకుంది. “పేరు చెప్పు తల్లీ, తొందరగా” అంది. తల్లి పేరు చెప్పింది. ప్రాణాపాయంలో ఫాదరు లేకపోతే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. మాటలు సరిగ్గా పలకాలి, నీళ్ళు తల మీద పారాలి. నీళ్ళు పోస్తున్న చేతి మీద నా పళ్ళ మచ్చ కనబడింది. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున. ఒక్క అక్షరం తప్పలేదు. రేకుల మీద వాన మోగుతున్నా ప్రతి మాటా విన్నాను.

ఆ సాయంత్రమే రిజిస్టరులో ఎక్కించాను. అది నా అలవాటు. వరుస సంఖ్య 118, ఆడశిశువు, తల్లిదండ్రులు, ఆపద జ్ఞానస్నానం, ఇచ్చినవారు మంత్రసాని. సాక్షి గడిలో నా సంతకం. వివరాల గడిలో, ‘మాటలన్నీ స్పష్టంగా విన్నాను.’

ఫాదర్‌గారు మర్నాడు పొద్దున్నే తిరిగి వచ్చారు. అప్పటి ఫాదర్‌గారు చండశాసనుడు. మంత్రసాని మాటలు తప్పుగా పలుకుతుందని ఎవరో చెప్పగా ఆయనకు ఆమె మీద నమ్మకం లేదు. రెండో మనిషి మాట కావాలన్నారు. నన్ను పిలిచారు. మంత్రసాని నా వైపు చూసి, “టీచరమ్మ అక్కడే ఉందిగా ఫాదర్, చెబుతుంది” అంది. నవ్వుతూనే అంది. ఆమె ముఖం ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉండేది. నాకు మాత్రం నల్లబల్ల కనబడింది.

“మాటలు విన్నావా?” అని ఫాదర్‌గారు అడిగారు.

“నేను గుమ్మంలో ఉన్నాను ఫాదర్. రేకుల మీద వాన పడుతోంది” అన్నాను.

రెండు వాక్యాలూ నిజమే. రెండూ కలిపితే అబద్ధం. అలా పేర్చడం నాకు చదువు నేర్పింది.

ఆయన రిజిస్టరు తెరవకముందే వెళ్ళి స్కేలు పెట్టి కొట్టేశాను. బిడ్డను గోడ అవతల పాతిపెట్టారు. ఊళ్ళో అందరికీ గంట కొట్టే తండ్రి తన బిడ్డకు కొట్టలేదు. కొట్టకూడదన్నారు. తాడు పట్టుకుని కాసేపు నిలబడి దిగి వచ్చాడట. అతని గురించి రెండు పేజీలు రాశానని నీకు గొప్పగా చెప్పాను.

నలభై అయిదేళ్ళుగా పాపసంకీర్తనంలో ఫాదర్ల చెవిన ఈ ఒక్క పాపం తప్ప అన్నీ చెప్పాను. పిల్లల మీద విసుక్కున్నవి కూడా లెక్కపెట్టి చెప్పాను.

బుధవారం ఫాదర్‌గారి దగ్గర పాపసంకీర్తనం చేశాను. అక్కడ విన్నది ఆయన బయట వాడుకోకూడదు. అందుకని ఆఫీసులో రిజిస్టరు తెరిచి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. జాలీ చాటున చెప్పడం కన్నా ఇది కష్టం. ఆయన అసలు పేజీని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని వివరాల గడి చదివారు. “మీ సాక్ష్యం మీ చేతిరాతలోనే ఉంది టీచరమ్మగారూ. ఈ వరస చెల్లుతుంది” అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది. ఆయన లేచి ఫ్యాను వేశారు.

గురువారం దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. అదే గది, అదే గుమ్మం. ఆమె మిషను ఆపలేదు. చెప్పడం పూర్తయ్యాక ఆపింది. బిడ్డ గురించి అడుగుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె అన్న మాటలు ఇవి.

“మంత్రసాని నా కాళ్ళ దగ్గర కూర్చుని ప్రమాణం చేసిందండీ. మాటలు సరిగ్గానే చెప్పానే తల్లీ, నమ్మవే అని. నేను నమ్మలేదు. టీచరమ్మగారు అబద్ధం చెప్పరన్నాను. తప్పు పలికి నా పిల్లని గోడ అవతల పెట్టించావని తిట్టాను. ముప్పై ఏళ్ళు మాట్లాడలేదు. మిగతా ఇద్దరి కాన్పులకీ పక్క ఊరినుంచి మనిషిని తెప్పించుకున్నాను. ఆవిడ పోతే చూడ్డానిక్కూడా వెళ్ళలేదండీ నేను.”

ఇది నాకు తెలియదు. నా లెక్కలో ఒక బిడ్డే ఉంది. ఇంకొక మనిషి ఉందని నలభై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా తోచలేదు.

“మీరు వెళ్ళండి టీచరమ్మగారూ” అంది. వెళ్ళాను.

నిన్న మన గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. నిలబడే మూడు షరతులు చెప్పింది. మంత్రసాని పేరు పుస్తకంలో ఉండాలి. పిల్ల లోపలికి వచ్చేలా గోడ జరగాలి. నేను గుడిలో అందరి ముందు మైకులో చెప్పాలి, ఆ కొరికిన సంగతితో సహా.

“అది చెప్పకపోతే ఏదో పెద్ద కారణం ఉందనుకుంటారు. మీకు అంత మర్యాద నేను ఇవ్వను” అంది.

ఈ వయసులో నా గురించి ఇంత సరిగ్గా మాట్లాడిన మనిషి ఇంకొకరు లేరు.

బిడ్డ పేరు నాకు తెలుసు. ఈ ఉత్తరంలో రాయను. ముందు రిజిస్టరులో ఎక్కాలి.

జరగవలసినవి:

1. 1951 కింద 131 కొట్టేసి 132 వేయి.

2. ఫొటో 14 తిప్పి పంపవద్దు. పూర్తి పేజీలో వేయి. కింద మంత్రసాని పేరు, ఆమె పురుడు పోసిన పిల్లలు 611 మంది అన్న సంగతి వేయి. అది రిజిస్టర్లలోంచి నిన్న లెక్కపెట్టాను. ఆమె ఎందుకు చెయ్యి ఎత్తిందో కూడా వేయి.

3. పోయినవాళ్ళ జాబితాలో 1951 అక్టోబరు దగ్గర ఒక వరస ఖాళీ ఉంచు. ఫాదర్‌గారు పేరు పంపుతారు. 118ని మళ్ళీ రాసేది ఆయనే. ఆ పేజీ మీద నా కలం ఇక పడకూడదు.

4. ‘మన రిజిస్టర్లు’ అన్న అధ్యాయం నన్ను పొగుడుకుంటూ రాసుకున్నది. తీసేయి. ఆ స్థానంలో ఈ ఉత్తరంలోని సంగతి వేయి. నా భాష దిద్దవద్దు, మెత్తబరచవద్దు.

5. ‘ఇంకు ఒలికినందున’ అన్న తీర్మానం, సిమెంటు తీర్మానం, రెండూ మంగళవారం కమిటీలో రద్దు కావాలి. పోస్టుమాస్టరు ఏమన్నా నేను జవాబు చెప్పకూడదు. గోడ రోడ్డువైపు జరగాలి. ఆ స్థలం లోపలికి రావాలి.

6. ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం పూజలో మైకు ముందు నిలబడాలి. కాగితం చూసి చదవకూడదు. నవ్వితే నవ్వనివ్వాలి. మీ అమ్మ రావాలనుకుంటే రావచ్చు. నువ్వు వస్తే మొదటి వరసలో కూర్చోవద్దు, నీ ముఖం చూస్తే ఆగిపోతాను.

7. అదయ్యాక మంత్రసాని సమాధి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాలి. దర్జీ ఆవిడ తాను కూడా వెళ్ళాలంటే ఆమె ముందు, నేను తరవాత.

8. దర్జీ ఆవిడ నన్ను క్షమించడం ఈ జాబితాలో లేదు. అది నేను రాయదగ్గ పని కాదు. ఎవరూ ఆమెను అడగకూడదు, ముఖ్యంగా నువ్వు.

9. గంట. గంటసేపు బతికిన బిడ్డకు ఎన్ని దెబ్బలని ఫాదర్‌గారు అడిగారు. ఒకటి అన్నాను. తండ్రి ఇప్పుడు లేడు కాబట్టి తాడు తల్లి చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు ఆమెకు కనబడదు కాబట్టి ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. నన్ను పట్టుకోనిస్తే పట్టుకుంటాను. లేకపోతే కిందే నిలబడి వింటాను. విన్నానని ఈసారి ఎవరు అడిగినా చెబుతాను.

అమ్మమ్మ